విమానానికీ ఓ పెరటి గుమ్మం

కిందటి వారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పత్రిక చేతిలోకి తీసుకుని అలా నడుం వాల్చానో లేదో, పక్కవాటా పిన్నిగారు ఫోను పట్టుకుని హడావిడిగా వచ్చేశారు. ద్వారకా నగర్లో మా ఇల్లు ఆర్టీసీ కాంప్లెక్సుకి కూతవేటు దూరం. తెల్లవారుజామున బస్సు హారను వినబడితేగానీ మాకు పొద్దు పొడవదు. అలాంటి చోట నలభై ఏళ్ళు కాపురం చేసి, ఏ ఊరికైనా బస్సో రైలో తప్ప ఎరగని పిన్నిగారు జన్మకి మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు.

హైదరాబాదులో కూతురికి నెలలు నిండుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీకంటే ముందే రమ్మని కబురొచ్చింది. రైలు టికెట్లు దొరకలేదు. కొడుకు కొడుకుని, ఏడేళ్ళవాడిని, వెంటబెట్టుకుని వెళ్ళాలి. స్టీల్ ప్లాంటులో బి షిఫ్టుకి వెళ్ళిపోతూ అబ్బాయి ఫోనులో టికెట్లు వెతికిపెట్టి, "ఒక్కోటీ నాలుగు వేల ఒక వంద అమ్మా, పేర్లు కొట్టేసి డబ్బు కట్టెయ్" అన్నాడట. రెండు టికెట్లకి ఎనిమిది వేల రెండు వందలు. తీరా పిన్నిగారు అన్నీ నింపి కిందికొచ్చేసరికి ఫోను చూపించిన మొత్తం పదమూడు వేల తొంభై ఎనిమిది!

"ఏటోనమ్మాయ్, గడియకో రేటు పెంచేస్తున్నట్టున్నారు. కాస్త చూడు" అన్నారు.

చూశాను. రేటేమీ పెరగలేదు. సీట్లు ఎంచుకున్నందుకు 700. ప్రయాణ బీమా 398. ఇద్దరికీ తిండి 800. అదనపు సామాను అయిదు కిలోలకి 2,400. ఇవన్నీ ఫోనులో చేసుకున్నందుకు సౌకర్యం రుసుమట, 600. వెరసి 4,898 రూపాయలు. టికెట్టు ఖరీదులో సగం పైన!

"ఇవన్నీ ఎందుకు నొక్కారు పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ కాస్త సిగ్గుపడి, "నొక్కకపోతే ఎక్కనివ్వరేమోనని, అన్నీ నొక్కేశానమ్మా" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అందుకే ఈ వారం పప్పూ పచ్చడీ సంగతులు పక్క పేజీ వాళ్ళకి వదిలేసి, విమానాల కంపెనీల వంటింట్లోకి తొంగి చూద్దామని కూర్చున్నాను. విమానం ఎక్కని వాళ్ళు కూడా చదవండి. ఇవాళ కాకపోతే రేపు మీ అమ్మాయి పురిటికో, అబ్బాయి కాలేజీలో చేరడానికో మీరూ ఎక్కుతారు. పైగా ఈ లెక్క విమానానికొక్కదానికే చెందింది కాదు.

కల్యాణమండపం లెక్క

మీ ఇంట్లో పెళ్ళి చేశారా? అయితే ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. మండపం అద్దె వినగానే "ఫరవాలేదే, చవగ్గానే ఉంది" అనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చాక మొదలవుతుంది అసలు కథ. జనరేటరు డీజిలు వేరు, గిన్నెల అద్దె వేరు, చెత్త ఎత్తిన కూలి వేరు. పూలపని వాళ్ళు చెప్పిన మనిషే చేయాలి, వంటకి వాళ్ళ మనిషే రావాలి. ఆ పూలతన్నీ వంటవాడినీ మండపం యజమాని ఊరికే పిలవడు. వాళ్ళ దగ్గర్నుంచి కూడా ఇంతని పుచ్చుకుంటాడు.

విమానాల కంపెనీదీ అచ్చంగా ఇదే పద్ధతి. టికెట్టు వీధి గుమ్మం. అందరికీ కనబడేలా ముగ్గేసి, తోరణం కట్టి ఉంచుతారు. అసలు రాబడి చాలావరకు పెరటి గుమ్మాల్లోంచి వస్తుంది.

ఎందుకలాగ? వాళ్ళ కష్టమూ చెప్పుకోవాలి. సాయంత్రం మా వీధి మలుపులో పూలమ్మి కూర్చుంటుంది. ఏడింటికి మూర ఇరవై అన్న మల్లెపూలు తొమ్మిదయ్యేసరికి పదికే ఇచ్చేస్తుంది. తెల్లారితే వాటిని ఎవరూ కొనరు గదా! విమానంలో సీటూ అంతే. తలుపు మూసేశాక ఖాళీగా మిగిలిన సీటుకి విలువ సున్నా. దాన్ని రేపటికి దాచుకోలేరు, ఫ్రిజ్జులో పెట్టుకోలేరు. ఇటు చూస్తే ఇంధనం ఖర్చు, విమానాల అద్దె డాలర్లలో, పైలట్ల జీతాలు, విమానాశ్రయం రుసుములు. ఇవేవీ సీటు నిండినా నిండకపోయినా ఆగవు.

ఉత్త సీట్లు అమ్ముకుని బతకడం ఎంత కష్టమో మన వాళ్ళకి అనుభవమే. విజయవాడ కేంద్రంగా 2013లో ఎయిర్ కోస్టా మొదలైంది. మన ఊరు విమానాల కంపెనీ అని ఎంత మురిసిపోయామో! 2017లో ఆగిపోయింది. హైదరాబాదు నుంచి 2015లో ట్రూజెట్ ఎగిరింది. 2022లో అదీ ఆగింది. చిన్నవాళ్ళేనా? కింగ్ ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్ వేస్ 2019 ఏప్రిల్లో నేలకి దిగిపోయాయి. ఇలాంటి దెబ్బలు తగలకూడదనే కంపెనీలు పెరటి గుమ్మాలు పెంచుకుంటూ వచ్చాయి.

మొదటి గుమ్మం: ముక్కలు చేసి అమ్మడం

ఒకప్పుడు ఇండియన్ ఎయిర్ లైన్స్ రోజుల్లో టికెట్టు కొంటే భోజనం, సామాను, ఎక్కగానే చేతిలో పెట్టే చాక్లెట్టు అన్నీ అందులోనే. మన ఇళ్ళలో వడ్డించే ఫుల్ మీల్సు లాంటిదన్నమాట. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి, తిండి కావాలంటే కొనుక్కోండి, టికెట్టు మాత్రం చవక అన్నారు. 2006 ఆగస్టులో ఇండిగో వచ్చింది. ఇప్పుడు మన దేశంలో లోపలి ఊళ్ళ మధ్య ఎగిరే ప్రయాణీకుల్లో సగానికి పైగా దాని విమానాల్లోనే వెళుతున్నారు. ఫుల్ మీల్సు పోయి, అన్నానికి ఒక రేటు, పప్పుకి ఒక రేటు, అప్పడానికి ఒక రేటు అయింది.

కిటికీ పక్క సీటుకి ఇంత, కాళ్ళు చాపుకోడానికి చోటున్న సీటుకి ఇంత, ముందుగా ఎక్కడానికి ఇంత, పదిహేను కిలోలు దాటిన ప్రతి కిలోకీ ఇంత. ఇండిగో వాళ్ళు జీడిపప్పుని బొమ్మల డబ్బాల్లో పెట్టి అమ్మేవారు. ఆ డబ్బాలు దాచుకునేవాళ్ళు కూడా ఉండేవారు. పలాస జీడిపప్పు బస్తాలకి బస్తాలు చూసిన మన శ్రీకాకుళం ఆడపడుచులకి పైన ఆకాశంలో పిడికెడు పప్పు రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది లెండి!

ఈ ముక్కల పద్ధతిలో మంచీ ఉంది. చేతిసంచీతో వెళ్ళొచ్చే మనిషికి పక్కవాడి సామాను ఖర్చు మీద పడదు. చెడు ఎక్కడంటే, ఏది తప్పనిసరో ఏది కాదో తెలియని మనిషి అన్ని ముక్కలూ కొనేస్తుంది. మా పిన్నిగారిలాగ.

రెండో గుమ్మం: పాయింట్ల పుస్తకం

ఇదే అన్నిటికంటే పెద్ద గుమ్మం. కాస్త నిదానంగా చదవండి.

సబ్బు పొడి పాకెట్లలో కూపన్లు పెట్టి, పది కూపన్లు తెస్తే గిన్నె ఇస్తామనేవారు, గుర్తుందా? 1981లో అమెరికన్ ఎయిర్ లైన్స్ ఆ పని విమానాల్లో చేసింది. మా విమానం ఎక్కితే ఇన్ని మైళ్ళు మీ ఖాతాలో వేస్తాం, కొన్ని మైళ్ళు పోగయ్యాక ఒక టికెట్టు ఉచితం అంది. 1994లో మన ఎయిర్ ఇండియా కూడా ఫ్లయింగ్ రిటర్న్స్ పేరుతో మొదలెట్టింది. ఇండిగో చాలాకాలం ఇలాంటివి వద్దనుకుని, చివరికి 2024లో బ్లూచిప్ అని తనూ పెట్టుకుంది.

అంతవరకైతే కూపనే. కిటుకు తర్వాత వచ్చింది. ఆ పాయింట్లను కంపెనీ బ్యాంకులకి అమ్మడం మొదలెట్టింది! బ్యాంకు ఆ కంపెనీ బొమ్మతో క్రెడిట్ కార్డు ఇస్తుంది. మీరు దానితో చీర కొన్నా, పప్పులు కొన్నా పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లను బ్యాంకు విమానాల కంపెనీ దగ్గర రొక్కం పెట్టి కొంటుంది. అంటే మీరు విమానం ఎక్కకుండానే, మీ ఇంటి సరుకుల బిల్లులోంచి విమానాల కంపెనీకి డబ్బు చేరిపోయింది. బదులుగా అది ఇచ్చేదేమిటి? ఎప్పుడో ఒకనాడు, ఎలాగూ ఖాళీగా పోయే ఒక సీటు. పూలమ్మి తొమ్మిదింటికి మిగిలిన మూరపూలు ఇచ్చినట్టు.

ఎంత డబ్బో తెలుసా? అమెరికాలో డెల్టా అనే కంపెనీకి ఒక్క 2024లో, అమెరికన్ ఎక్స్ ప్రెస్ కార్డు ఒప్పందం మీద వచ్చింది ఏడు వందల కోట్ల డాలర్లకు పైమాటే. మన రూపాయల్లో అరవై వేల కోట్ల దరిదాపు.

2020లో కరోనా వచ్చి విమానాలన్నీ నేల మీద నిలబడిపోయినప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. మనకి కష్టమొస్తే ఏం చేస్తాం? పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం తాకట్టు పెడతాం. యునైటెడ్ అనే కంపెనీ తన పాయింట్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. మరుసటి ఏడు అమెరికన్ ఎయిర్ లైన్స్ అదే దారిలో వెయ్యి కోట్ల డాలర్లు తెచ్చింది. ఎగరని విమానాల్ని నమ్మి అప్పివ్వడానికి వెనకాడే రోజుల్లో, పాయింట్ల పుస్తకం ఆ ఇంటి బంగారమైంది.

మన దగ్గరా నిదర్శనం ఉంది. జెట్ ఎయిర్ వేస్ తన పాయింట్ల వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీసి, 2014లో అందులో సగం పైచిలుకు వాటాని ఎతిహాద్ వాళ్ళకి 15 కోట్ల డాలర్లకు ఇచ్చింది. 2019లో జెట్ విమానాలు ఆగిపోయాయి. పాయింట్ల కంపెనీ మాత్రం అదే ఏడు ఇంటర్ మైల్స్ అని పేరు మార్చుకుని నడిచింది. గేదె పోయినా పాలకేంద్రం నిలిచిందన్నమాట!

మా ఇంట్లో జరిగిన ముచ్చట

ఇక్కడొక చిన్న సంగతి ఒప్పేసుకోవాలి. నీతులు మీకు చెప్పడమేగానీ, ఈ పాయింట్ల మోజులో మేమూ ఒకసారి పడ్డాం.

కొన్నేళ్ళ కిందట మావారు అలాంటి కార్డొకటి తెచ్చారు. "ఏడాది తిరిగేసరికి నిన్ను ఉచితంగా విమానం ఎక్కిస్తాను, చూడు" అన్నారు. నేనూ ఉబ్బిపోయాను. పాయింట్లు వస్తాయని ఆ దసరాకి ఫ్రిజ్జూ, బట్టలూ అన్నీ దాని మీదే కొన్నాం. నలభై వేలు. బిల్లు వచ్చినప్పుడు అందులో కనీసం కట్టవలసిన మొత్తం అని చిన్న అంకె ఉంది. ఆ నెల ఇంటి ఖర్చు ఎక్కువై, అదే కట్టి ఊరుకున్నాం. మరుసటి నెలా అంతే.

ఆరు నెలలకి నేను కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. నెలకి నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడినే దుర్మార్గుడంటాం. దాని మీద పన్ను కూడాను. ఎనిమిది వేలకి దగ్గర దగ్గర వడ్డీ కింద పోయింది. పోగయిన పాయింట్లతో వచ్చే టికెట్టు మూడు, మూడున్నర వేలది. ఆ ఉచిత టికెట్టుతో నేను ఊరెళ్ళి వచ్చాను గానీ, కిటికీలోంచి చూస్తున్నంతసేపూ మబ్బులు కనబడలేదు, వడ్డీ కనబడింది.

తప్పు కార్డుది కాదు, మాది. బిల్లు మొత్తం ఠంచనుగా కట్టేవాళ్ళకి ఆ పాయింట్లు నిజంగా లాభమే. కానీ చూడండి, ఆ లాభానికి డబ్బు ఎక్కడిది? కొంత దుకాణదారు బ్యాంకుకి ఇచ్చే కమీషన్. కొంత మా బోటి వాళ్ళు కట్టిన వడ్డీ. ఒకరి ఉచిత టికెట్టు వెనక ఇంకో ఇంటి వడ్డీ ఉంటుంది.

మూడో గుమ్మం: చేతులు కలపడం

ఈ మధ్య మన విశాఖ నుంచి అమెరికాకి పురిటి పనికి వెళ్ళే తల్లులు ఎంతమందో! ఆ టికెట్టు మీద ఒక కంపెనీ పేరుంటుంది. ఎక్కేది ఇంకో కంపెనీ విమానం. కంగారు పడకండి. దాన్ని కోడ్ షేర్ అంటారు. తమ విమానాలు వెళ్ళని ఊళ్ళకి ఇంకొకరి విమానంలో సీట్లు తమ పేరుతో అమ్ముకోవడం. ఇండిగోకి 2018లో టర్కిష్ ఎయిర్ లైన్స్ తో అలాంటి ఒప్పందం కుదిరింది. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్ అనే పెద్ద కూటమిలో చేరింది. కొత్త విమానం కొనకుండానే కొత్త ఊళ్ళు. వియ్యమందితే ఊరు మారినా భోజనానికి ఇల్లు దొరికినట్టు!

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ప్రయాణమంతా ఒకే టికెట్టు నంబరు మీద ఉంటే, ఒక విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ముందుకి పంపే బాధ్యత వాళ్ళది. నాలుగు వేలు కలిసొస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, ఆ పూచీ ఉండదు. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్ళీ మీరే ఇవ్వవలసి రావచ్చు. భాష రాని చోట, కీళ్ళనొప్పులతో, పెద్ద పెట్టెలతో అమ్మని అలా నిలబెట్టకండి. ఆ నాలుగు వేలూ అక్కడ పొదుపు చేసేవి కావు.

నాలుగో గుమ్మం: కాళ్ళ కింది సరుకు, ఇంటివెనక గానుగ

మనం పైన కూర్చుంటాం. మన కాళ్ళ కింద సామానుల గదిలో మన పెట్టెలతోపాటు ఎవరి పార్సిళ్ళో, మందులో, టపా సంచులో వెళుతుంటాయి. విమానం ఎలాగూ ఎగురుతుంది గనక ఆ కిరాయి చాలావరకు పైసంపాదనే. 2020లో మనుషులు కదలనప్పుడు స్పైస్ జెట్ లాంటివి సరుకులు మోసి కొంత నిలదొక్కుకున్నాయి. ఇండిగో 2022లో ఉత్త సరుకుల కోసమే ఒక విమానాన్ని తెచ్చింది.

ఇంకా ఉన్నాయి. ఎయిర్ ఇండియా ప్రభుత్వం చేతిలో ఉన్న రోజుల్లో, 1971లోనే, హోటళ్ళ కోసం ఒక అనుబంధ సంస్థ పెట్టింది. విమానాల్లోకి భోజనాలు వండే షెఫేర్ వంటశాలలు దాని కిందే ఉండేవి. దుబాయి ఎమిరేట్స్ వాళ్ళ కుటుంబంలోనే డినాటా ఉంది. విమానాశ్రయాల్లో సామాను దించడం, భోజనాలు అందించడం దాని పని. డెల్టా వాళ్ళయితే 2012లో ఏకంగా పెన్సిల్వేనియాలో ఒక చమురుశుద్ధి కర్మాగారమే కొనేశారు. వంటింట్లో నూనె ఖర్చు తగ్గిద్దామని ఇంటి వెనక గానుగ కొనుక్కున్నట్టు!

ఇండిగోది మరో తెలివి. 2005లో, ఇంకా ఒక్క విమానం కూడా ఎగరకముందే, ఎయిర్ బస్ వాళ్ళకి వంద విమానాలు కావాలని చెప్పేసింది. టోకున కొంటే రేటు తగ్గుతుందని మనకి తెలియదా? అలా తక్కువకి వచ్చిన విమానాన్ని అద్దెలకిచ్చే కంపెనీకి అమ్మేసి, మళ్ళీ దాన్నే అద్దెకి తీసుకుని నడుపుతుంది. కట్టిన ఇల్లు అమ్మేసి అదే ఇంట్లో అద్దెకుండడం అనుకోండి. చేతిలో రొక్కం ఆడుతుంది, పాత విమానం అమ్ముకునే తలనొప్పి ఉండదు. అద్దె మాత్రం నెలనెలా తప్పదు.

మన కాంప్లెక్సులోనూ ఇదే

ఇదంతా ఎక్కడో ఆకాశంలో సంగతి అనుకోకండి. మా వీధి చివర ఆర్టీసీ కాంప్లెక్సుకి రండి, చూపిస్తాను. బస్సు టికెట్టుతో పాటు అక్కడి దుకాణాల అద్దెలున్నాయి. బస్సుల ఒంటినిండా ప్రకటనలున్నాయి. కార్గో కౌంటర్లో పార్సిళ్ళు తీసుకుంటారు. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఇక్కడా ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్ ప్రెస్ వంటి బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్టే లేదు. ఆ లోటు ప్రభుత్వం పూడుస్తానంటోంది, అది వేరే సంగతి. అయినా ఇలాంటి సంస్థకి పైరాబడి ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

పెరటి గుమ్మం ఉండడం నేరం కాదు. మనమూ పాలు అమ్మి, పెరుగు తోడేసి, వెన్న కాచి, చివరికి పేడతో పిడకలు కొట్టి ఇల్లు గడుపుకొచ్చిన వాళ్ళమే. తేడా ఒక్కటే. కార్గో కౌంటర్ దగ్గర నేను పార్సిలు ఇవ్వాలనుకుని ఇస్తున్నాను. రేటు చెబుతారు, సరేనంటే రసీదు రాస్తారు. ఫోనులో చిన్న పెట్టెల్లో టిక్కులు పెట్టించుకునే చోట, నాకు అక్కర్లేనిది కూడా "వద్దంటే ఏమవుతుందో" అన్న భయంతో కొంటున్నాను. మా పిన్నిగారు 4,898 రూపాయలకి ఎక్కువ భాగం కొన్నది సౌకర్యం కాదు, ధైర్యం. పదిసార్లు ఎగిరినవాళ్ళు ఆ టిక్కులన్నీ తీసేసి నాలుగు వేలకే వెళ్ళిపోతారు. మొదటిసారి ఎక్కే అమ్మలు, అత్తలు, పల్లెటూరి పెద్దవాళ్ళు పూర్తిగా కడతారు. తెలిసినవాళ్ళ చవక టికెట్టులో తెలియనివాళ్ళ డబ్బు కొంత ఉంది. నా బాధల్లా అదే.

చీర కొంగున కట్టుకోవలసిన ముక్కలు

పిన్నిగారూ నేనూ కూర్చుని ఒక్కొక్కటే తీసేశాం. మీరూ చేసుకోడానికి వీలుగా చెబుతున్నాను.

ఒకటి: బీమా, సీటు, భోజనం వగైరా అదనపువి మీరు కోరితేనే కలపాలి. ముందే కలిపేసి, వద్దంటే తీసుకోండి అనకూడదు. విమానాలకి డీజీసీఏ నిబంధన అలాగే ఉంది. పైగా 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల సంస్థ, అడగని వస్తువు బుట్టలో వేయడం, చివరిదాకా రుసుములు దాచి ఉంచడం లాంటి పదమూడు రకాల కిటుకులు తప్పని నిబంధనలు తెచ్చింది. డబ్బు కట్టేముందు చివరి పేజీ పైనుంచి కిందికి ఒకసారి గట్టిగా చదవండి. పచారీ చీటీ సరిచూసుకున్నట్టే.

రెండు: చంటివాడు పక్కన కూర్చోడేమోనని సీట్లు కొనకండి. ఒకే టికెట్టు నంబరు మీద ఉన్న పన్నెండేళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనో, వెంట ఉన్న పెద్దవారి పక్కనో సీటివ్వాలని 2024 ఏప్రిల్లో డీజీసీఏ కంపెనీలకి చెప్పింది. మిగతావాళ్ళు సీటు కొనకపోయినా ఫరవాలేదు. ఏదో ఒక సీటు ఇచ్చి తీరాలి. సీటు లేకుండా నిలబెట్టి తీసుకెళ్ళరు సుమా!

మూడు: సామాను ఇంట్లోనే తూచుకోండి. లోపలి ఊళ్ళ విమానాల్లో సామాన్యంగా మనిషికి పదిహేను కిలోల పెట్టె, ఏడు కిలోల చేతిసంచీ రానిస్తారు. టికెట్టు మీద ఏం రాసిందో చూసి మరీ సర్దండి. తప్పదనుకుంటే ముందుగానే ఫోనులో కొనండి. విమానాశ్రయం కౌంటర్లో రేటు ఇంకా ఎక్కువ.

నాలుగు: ఏ కారణం వల్లనైనా ప్రయాణం మానుకుంటే, డబ్బు తిరిగి రాని టికెట్టు అని రాసున్నా సరే, పన్నులూ విమానాశ్రయం రుసుములూ తిరిగి ఇవ్వాల్సిందే. చాలామంది అడగరు, అందుకని వదిలేసుకుంటారు. అడగండి.

అయిదు: పాయింట్ల కార్డు ఇంట్లోకి రావాలంటే ఒక్కటే షరతు పెట్టండి. బిల్లు మొత్తం, గడువులోగా. కనీస మొత్తం కట్టే అలవాటున్న ఇంట్లోకి ఆ కార్డు రానివ్వకండి, ఎంత ఉచితమని ఊరించినా.

ఆరు: అడగనిది అంటగట్టారనిపిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. పని జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్ లైను 1915కి ఫోను చేయండి. తెలుగులో మాట్లాడినా వింటారు.

మళ్ళీ పిన్నిగారి దగ్గరకి

బీమా తీసేశాం. సీట్లు తీసేశాం. ప్రయాణం గంట పైచిలుకే కదా, తిండి తీసేశాం. పిన్నిగారు పొడి చల్లిన ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుంటానన్నారు. సౌకర్యం రుసుము మాత్రం తప్పలేదు. చివరి లెక్క 8,800.

ఇక మిగిలింది అదనపు సామాను. అందులో ఏమున్నాయో అడిగాను. బాలింతకి పాత బియ్యం, వాముపొడి, ధనియాల కారం, వడియాలు, పాత చీరల పొత్తిగుడ్డలు. వాటిని ఒక అట్టపెట్టెలో కట్టి, ఇద్దరం నడుచుకుంటూ కాంప్లెక్సుకి వెళ్ళి హైదరాబాదుకి కార్గోలో వేశాం. విమానం అడిగిన 2,400లో అది చిన్న వంతే అయింది. రసీదు మడిచి కొంగున కట్టుకుంటూ పిన్నిగారు నవ్వేశారు. "విమానం ముందెళ్తుందో, వడియాలు ముందెళ్తాయో!" అని.

ఎల్లుండి హైదరాబాదు నుంచి ఫోను చేశారు. మనవరాలు పుట్టిందట. తల్లీబిడ్డా క్షేమం. మిగిలిన డబ్బుతో పాపకి వెండి మొలతాడు కొన్నారట.

"విమానంలో ఒకావిడ నా పక్కన కూర్చుందమ్మాయ్, మొదటిసారే పాపం, అన్నీ కొనేసింది. తిరుగు టికెట్టు తీసేటప్పుడు ఏవి తియ్యాలో నేనే చెప్పాను" అన్నారు ఎంతో గొప్పగా.

ఇంతకంటే నాకేం కావాలి చెప్పండి? ఇది చదివాక మీరూ మీ ఇంట్లో తొలిసారి విమానమెక్కే అత్తగారికో, అమ్మకో పక్కన కూర్చుని ఆ చివరి పేజీ చదివి వినిపించండి. ఏది నొక్కకపోయినా ఎక్కనిస్తారని చెప్పండి.

వచ్చే వారం మరో ఇంటి లెక్కతో కలుద్దాం.